ఆవులు మేపించుకుంటారా?

నాకు సరిగ్గా వినపడదన్న సంగతి గాజువాకలో నాకు తప్ప అందరికీ తెలుసు. నా అభిప్రాయం మాత్రం వేరుగా ఉండేది. లోకంలో గొణుగుడు ఎక్కువైపోయిందని, కూరలబండి అతను మొదలుకొని బ్యాంకు కౌంటర్లో అమ్మాయి వరకూ ఎవరికీ నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదని, చదువులు పెరిగి గొంతులు తగ్గాయని నా బాధ. ఆ బాధ నేను గట్టిగానే చెప్పుకునేవాణ్ని. ఎదురింటివాళ్ళు కిటికీ వేసుకునేంత గట్టిగా.

నేను డీజేని. చల్లటి గదిలో టోపీ తిప్పి పెట్టుకుని చేసే డీజే కాదు. పెళ్ళి ఊరేగింపులు, అమ్మవారి పండగలు, వినాయక నిమజ్జనాలు మావి. ఒక వ్యాను, దాని మీద ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించిన ఇనప ఫ్రేము, అందులో గుండెల మీద గుద్దే బేస్ బాక్సులు ఎనిమిది, వాటి పైన సన్నటి శబ్దాలకి టాప్‌లు నాలుగు, వెనక జనరేటరు. బాక్సులకీ జనరేటరుకీ మధ్య రెండడుగుల సందు ఉంటుంది. ఆ సందులో మిక్సరు, మిక్సరు వెనక నేను. పదకొండేళ్ళు ఆ సందులోనే నిలబడ్డాను.

వ్యాపారంలో నా భాగస్వామి మా మేనమామ కొడుకు. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. ఎవరు ఎవరికి బావో తేల్చుకోలేక మూడోవాడు తల గోక్కుంటాడు. సౌండు కొలవడానికి బావ దగ్గర ఒక లెక్క ఉండేది. వీధిలో ఆపిన కార్లు మా పాట దెబ్బకి వాటంతట అవే కుయ్యోమని కూస్తాయి కదా, ఎన్ని కూస్తే అంత సౌండు. పుట్టినరోజుకి రెండు కార్ల సౌండు, పెళ్ళికి అయిదు కార్ల సౌండు. నిమజ్జనానికైతే వీధి వీధంతా కూయాలి. ఒకసారి ఒక పెళ్ళిపెద్ద "మూడే కూసినాయి, మిగతాయి ఏటయినాయి?" అని మమ్మల్ని నిలదీశాడు. మిగతావి స్కూటర్లని నచ్చజెప్పడానికి బావకి అరగంట పట్టింది.

మర్నాడు పొద్దున్న చెవులు గుయ్‌మని మోగుతుంటే పని బాగా జరిగిందని లెక్క. వంటవాడి చేతికి మసాలా వాసన ఉండదూ, అలాగన్నమాట.

చెవులు కాపాడుకునే సరంజామా మా ఇంట్లో లేక కాదు. నాన్న స్టీల్‌ప్లాంటులో మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ చప్పుడుకి చెవుల్లో పెట్టుకోమని పసుపురంగు స్పాంజి బిరడాలు ఇచ్చేవారు. నాన్న వాటిని భద్రంగా ఇంటికి తెచ్చేవాడు. డ్యూటీలో పెట్టుకుంటే అరిగిపోతాయని ఆయన భయం. అగరొత్తులు గుచ్చడానికి, ఊగే స్టూలు కాలి కింద పెట్టడానికి, గాలికి కొట్టుకునే కిటికీ సందులో దూర్చడానికి మేం అవే వాడాం. నేను ఇంట్లో పాటలు కలపడం ప్రాక్టీసు చేసే రోజుల్లో అమ్మా నాన్నా చెరో జత చెవుల్లో పెట్టుకుని హాయిగా పడుకునేవారు. ఒక జత నాకివ్వాలని వాళ్ళకి తోచలేదు. తోచి పిలిచినా నాకు వినపడేది కాదనుకోండి.

ఇలా ఉండగా నాకు పెళ్ళిచూపులు వచ్చాయి.

అమ్మాయివాళ్ళది గోదావరి జిల్లా. వాళ్ళ నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడి పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాడు. అమ్మాయి అక్కడే ఒక బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. మేం వెళ్ళి కూర్చోగానే ఆ పెద్దమనిషి నా పక్కకి జరిగి మాటల్లో పెట్టాడు.

"ఎన్నేళ్ళబట్టి చేస్తన్నారండీ ఈ పని?" అని అడిగాడు. అలా అడిగాడని తర్వాత తెలిసింది.

"విజయనగరం పక్కనండి," అన్నాను.

"ఆయ్," అన్నాడాయన తృప్తిగా.

"మీకింకా ఎన్నేళ్ళ సర్వీసుందండీ?" అన్నాను నేను.

"ఇద్దరండి. పెద్దదానికి పెళ్ళి చేసేశామండి."

"తప్పకుండా," అన్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట. అక్కడ ఊదేవాడూ చెవిటివాడే. పోర్టులో ముప్ఫై ఏళ్ళ చప్పుడు ఆయన చెవుల్ని తినేసిందని నాకు తెలీదు, నా సంగతి ఆయనకి తెలీదు. పావుగంట కబుర్లు చెప్పుకుని, ఇంత మర్యాదస్తుణ్ని ఈ మధ్య చూడలేదని ఒకరి గురించి ఒకరం అనుకున్నాం. ఆయనకి "ఆయ్" ఉంది. గోదావరి వాళ్ళ అవునంతా ఆ ఒక్క ముక్కలో ఉంటుంది, ఎక్కడ వేసినా అతుకుతుంది. నాకు "తప్పకుండా" ఉంది. వినపడనివాడికి అవును, కాదు అనే రెండు మాటలూ ప్రమాదమే. తప్పకుండా అంటే అవతలివాళ్ళు సంతోషించి ఇంకో ప్రశ్న వేయరు. భోంచేసి వెళ్తారా, మళ్ళీ వస్తారా, జాగ్రత్తగా వెళ్ళండి, దేనికైనా సరిపోతుంది.

తర్వాత మా ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. పక్కింట్లో బోరు వేస్తున్నారు. ఆ అమ్మాయి ఏదో అడిగింది. నాకు పెదాలు కదలడం కనిపించింది, మాట పూర్తిగా అందలేదు. కాస్త ముందుకి వంగాను. మళ్ళీ అడిగింది. ఇంకా వంగాను. మూడోసారి కూడా అదే గొంతుతో, పెంచకుండా, విసుక్కోకుండా అడిగింది. అంతవరకూ నాతో మూడోసారి చెప్పినవాళ్ళందరూ అరిచి చెప్పినవాళ్ళో, లేదా "ఏం లేదులే" అని చెయ్యి ఊపేసినవాళ్ళో. ఈ అమ్మాయి ముఖంలో ఆ రెండూ లేవు. అప్పుడే ఆమె నాకు నచ్చేసింది. నచ్చిన మనిషితో వినపడలేదని ఎలా చెప్పను? చెవిటి డీజే అంటే గుడ్డి డ్రైవరుతో సమానం.

"తప్పకుండా," అన్నాను.

ఆమె మొదటిసారి నవ్వింది. కిందికి వచ్చి నచ్చాడని చెప్పింది. నేనూ నచ్చిందన్నాను. మిఠాయి పెట్టారు.

మర్నాడు ఫోన్లో ఆమె మెసేజ్ వచ్చింది. "మీరు మాట ఇచ్చారు, గుర్తుందిగా అండి. అది అయ్యాకే ముహూర్తం పెట్టించమని మావాళ్ళకి చెప్పాను."

గుర్తుందని రాశాను. రాసి, చెమట తుడుచుకున్నాను. ఏం మాట ఇచ్చానో నాకు తెలీదు. అడుగుదామంటే చెవుడు బయటపడి సంబంధం పోతుంది. అడక్కపోతే మాట తప్పిన మొగాణ్నయి సంబంధం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ అమ్మాయిని వదులుకోవడం మాత్రం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఇంట్లో సభ పెట్టాను. చెవికి అందిన ముక్కలు కాగితం మీద రాసి నాన్న, అమ్మ, బావ ముందు పెట్టాను. కాగితం మీద ఉన్నది ఇంతే: "వులు... పించుకుంటారా?"

బావ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "పువ్వులు బావా. పువ్వులు తెప్పించుకుంటారా అంది. గోదావరోళ్ళకి పువ్వుల పిచ్చి. అక్కడ తోటలుంటాయి."

నాన్న ఒప్పుకోలేదు. "ఆవులురా. ఆవులు మేపించుకుంటారా అని అడిగుంటాది. పాడి ఉన్న ఇల్లో కాదో తెలుసుకోవాలి కదా."

"గాజువాకలో రెండు గదులింట్లో ఆవులెక్కడ మేపుతాం మావా?" అన్నాడు బావ.

"అడిగినోలికి మన గదులు తెలుసేటి?"

అమ్మ వంటగదిలో గిన్నెలు తోముతూ అటు తిరిగే మాట్లాడింది. నాకు "సెలవులురా" అని వినపడింది. బావకీ సెలవులు అనే వినపడింది. ఇద్దరికీ ఒకేలా వినపడిందంటే సందేహమేముంది? సెలవులు ఇప్పించుకుంటారా అని అడిగి ఉంటుంది. ఆదివారం లేదు, పండగ లేదు, ఎప్పుడూ ఊరేగింపులే కదా, పెళ్ళయ్యాక నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండాలని ఏ ఆడపిల్లకైనా ఉంటుంది. తల్లి మనసు తల్లి మనసే అనుకున్నాను.

"అయితే పది రోజులు సెలవు పెట్టీస్తాను," అన్నాను గట్టిగా.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నన్నూ బావనీ కాసేపు చూసింది. "మీకు సెప్పడం కన్నా ఆ గోడకి సెప్పడం నయం," అని లోపలికి వెళ్ళింది. ఈ మాట స్పష్టంగా వినపడింది. కానీ మెచ్చుకుంటోందనుకున్నాను.

ఎందుకైనా మంచిదని ముందు పువ్వులు పంపించాం. బావ పూర్ణామార్కెట్ నుంచి రెండు బుట్టల చామంతులు కొని పెందుర్తిలో దింపి వచ్చాడు. ఆ వీధివాళ్ళు ఎవరో పోయారనుకుని ఇద్దరు ముగ్గురు పలకరించడానికి వచ్చారట. "పువ్వులెందుకండీ?" అని మెసేజ్ వచ్చింది. పువ్వులు కాదని తేలిపోయింది. ఆవుల జోలికి వెళ్ళలేదు. నాన్న మాత్రం రెండు రోజులు గడ్డి ధరలు వాకబు చేశాడు.

ఇక సెలవులు. మంచి ముహూర్తాల్లో పది రోజుల బుకింగులు బావకి వదిలేశాను. బావ నా మీద అలిగి ఆ పది రోజులూ ఒక్కడే వ్యాను తిప్పాడు. "పది రోజులు పని మానేసి సెలవు పెట్టానండి," అని ఆమెకి రాశాను.

"చాలా మంచి పని. చెవులు కాస్త విశ్రాంతిగా" అని ఏదో రాసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఆమె అలా రాయలేదు. "చాలా మంచి పని. టెస్ట్‌కి వెళ్ళడానికి వీలవుతుంది," అని రాసింది.

టెస్టు. ఏ టెస్టు? పదకొండేళ్ళుగా నేను వ్యాను పక్క సీట్లో కూర్చుంటున్నాను, నడిపేది బావే, ఎందుకంటే నాకు లైసెన్సు లేదు. రెండు నెలల క్రితం ఎల్.ఎల్.ఆర్. తీసుకుని బీరువాలో పడేశాను. ఈ విషయం పెళ్ళిచూపుల్లో మా నాన్నే బయటపెట్టి ఉంటాడు. పెళ్ళాం పిల్లల్ని బండిలో తిప్పాలంటే లైసెన్సు ఉండాలనుకోవడంలో తప్పేముంది? అమ్మాయి తెలివికి ముచ్చటేసింది. ఇంకో నాలుగు రోజులు పొద్దున్నపూట వ్యానుతో సందులన్నీ తిరిగి ప్రాక్టీసు చేసి టెస్టుకి వెళ్ళాను. ఎనిమిది అంకె వేశాను, రివర్సు చేశాను. పాసయ్యాను. అంతా అయిపోయి బయటికొచ్చే సంబరంలో గేటు పక్కనున్న కర్రకి వ్యాను ఎడమ పక్క రాసుకుని చిన్న సొట్ట పడింది.

ఆ మధ్యాహ్నం మా మధ్య నడిచిన మెసేజ్‌లు ఇప్పటికీ ఆమె ఫోన్లో ఉన్నాయి. ఇంటికి చుట్టాలొస్తే చదివి వినిపిస్తుంది.

"టెస్ట్ అయ్యిందా అండి?"

"అయింది. పాసయ్యాను."

"పాస్ అంటే? రెండూ బాగున్నాయా?"

రెండూ అంటే ఎనిమిదీ రివర్సూ అనుకున్నాను. "రెండూ బాగున్నాయి. ఎడమ పక్కే కొంచెం తేడా."

"అయ్యో, ఎడమదానికి ఏమైంది?"

"కర్ర తగిలింది. లోపలికి సొట్ట పడింది."

"కర్ర పెట్టారా?"

"పెట్టలేదు, నేనే వెళ్ళి గుద్దాను. మీరేం కంగారు పడకండి. సాయంత్రం ఆటోనగర్ తీసుకెళ్ళి సుత్తితో సరిచేయించి పెయింటు వేయించేస్తాను."

ఆమె ఏదో రాస్తున్నట్టు ఫోను చూపించేది, మళ్ళీ ఆగిపోయేది. చివరికి ఒక్కటే వచ్చింది. "రేపు పదకొండు గంటలకి సీతమ్మధార రండి. దయచేసి ఆటోనగర్ మాత్రం వెళ్ళకండి."

పెళ్ళి చీరల కోసం పిలిచిందనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆమె ఒక మెట్లదారి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే దగ్గరికొచ్చి నా తలని ఎడమ పక్కకి తిప్పి, కుడి పక్కకి తిప్పి, సంతలో కొబ్బరికాయని చూసినట్టు చూసింది. అప్పుడు నా కళ్ళు ఆమె వెనకున్న బోర్డు మీద పడ్డాయి. దాని మీద మనిషంత చెవి బొమ్మ ఉంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు.

చెవులు. చెవులు చూపించుకుంటారా. వులు, పించుకుంటారా. ముక్కలన్నీ ఒకేసారి అతుక్కున్నాయి. దాంతోపాటు అమ్మ మాట కూడా అతుక్కుంది. ఆ రోజు వంటగదిలోంచి అమ్మ "సెలవులు" అనలేదు. "సెవులురా" అంది. సభలో సరైన జవాబు చెప్పింది ఆవిడొక్కతే. ఆమెవి చెవులు, అమ్మవి సెవులు, నాకు మాత్రం రెండూ వులే.

"ఆ రోజు డాబా మీద నేనేం అడిగానో చెప్పండి," అంది ఆమె.

అబద్ధం చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. "నాకు వినపడలేదండి," అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"తెలుసు. అందుకేగా అడిగాను," అంది.

పువ్వులు, సెలవులు, లైసెన్సు అన్నీ వరసగా చెప్పాను. ఆవుల దగ్గరికి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూలబడి నవ్వింది. ఆమె గట్టిగా నవ్వడం నాకు వినపడింది. "మీరు తప్పకుండా అన్నారు కాబట్టి నేనేం అడిగానన్నా చెల్లుతుందండి. రెండావులైనా కొనిపించాల్సింది," అంటూ కళ్ళు తుడుచుకుంది.

లోపల నన్ను గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక మీట ఇచ్చారు. కిటికీ అవతల పరీక్ష చేసే మేడమ్. కూత వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. హెడ్‌ఫోన్లు పెట్టాక నేను మహారాజుని. పైగా పాస్ కావాలన్న పట్టుదల మీద ఉన్నాను. మొదట కొన్ని కూతలు బాగానే వినపడ్డాయి. తర్వాత సన్నబడ్డాయి. అయినా తాళం తెలిసినవాణ్ని కదా, ఎంతసేపటికొక కూత వస్తోందో లెక్కగట్టి, రాకపోయినా ఆ సమయానికి నొక్కేస్తూ వచ్చాను. అది కూడా అక్కర్లేకుండా కాసేపటికి స్పష్టంగా, ఆపకుండా ఒక సన్నటి ఈల మొదలైంది. సంతోషంగా మీట వదలకుండా నొక్కి పట్టుకున్నాను.

మేడమ్ తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "సార్, నేను కూత ఆపి రెండు నిమిషాలైంది. మీరు దేనికి నొక్కుతున్నారు?"

"వస్తోంది కదండీ. సన్నగా, ఈల."

ఆవిడ నా తల మీంచి హెడ్‌ఫోన్లు తీసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ వస్తోంది."

"ఎన్నాళ్ళబట్టి?"

నాకు తెలీదు. చాలా ఏళ్ళబట్టి ఉంది. అందరికీ ఉంటుందనుకున్నాను. గదిలో ఎవరూ మాట్లాడకపోతే వచ్చే చప్పుడే అది అనుకున్నాను. నిశ్శబ్దం అంటే అదే అనుకున్నాను. ఆ మాట చెబుతుంటే గుమ్మంలో నిలబడ్డ ఆమె ముఖంలో నవ్వు పోయింది. నాకు భయమేసింది. అంతవరకూ సంబంధం పోతుందని భయపడ్డానే గానీ చెవులు పోతాయని భయపడలేదు.

డాక్టరు గారు ఒక గీత చూపించారు. ఎడమ నుంచి బాగానే నడిచి, కుడి చివర లోయలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. బేస్ అంతా వినపడుతుందట. సన్నటి శబ్దాలే పోయాయట. చ, స, త లాంటివి వాటిలో ఉంటాయి కాబట్టి మాటలు సగం సగం అందుతాయట. "అందుకే జనం గొణుగుతున్నట్టు అనిపిస్తుంది మీకు," అన్నారాయన. నా పదకొండేళ్ళ ఫిర్యాదు ఒక్క ముక్కలో కొట్టేశారు. "పోయినవి తిరిగి రావు. ఉన్నవి ఉంచుకోవచ్చు. చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదు. అచ్చు తీయించి ప్లగ్గులు చేయించుకోండి, పాట పాటలాగే ఉంటుంది, తీవ్రత తగ్గుతుంది. బాక్సుల మధ్య నిలబడకండి. మధ్యమధ్య దూరంగా వెళ్ళి చెవులకి విరామం ఇవ్వండి."

మెట్లు దిగుతూ ఆమెతో అన్నాను, "మాట ప్రకారం చూపించుకున్నాను. ఇప్పుడు కాదన్నా నేనేం అనుకోనండి." అనుకుంటానని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆమె గబగబా మూడు మెట్లు దిగింది. తర్వాత నా ముందుకొచ్చి, తన ముఖం నాకు కనిపించేలా నిలబడి చెప్పింది. "మా ఇంట్లో మా అమ్మ ఇరవయ్యేళ్ళుగా అరుస్తూనే ఉందండి. మంచినీళ్ళు కావాలా అని అడిగినా పోట్లాటలాగే ఉంటుంది. నాన్నగారికి వినపడదు, చూపించుకోరు, అన్నిటికీ ఆయ్ అంటారు. అమ్మ ఆయనతో మెల్లగా ఒక్క మాట చెప్పుకోవడం నేను చూడలేదు. పాటలు మానమని నేనడగను. వినపడనప్పుడు వినపడలేదని చెప్పే మనిషి కావాలి నాకు. మెల్లగా మాట్లాడుకునే ఇల్లు కావాలి."

తప్పకుండా అనబోయాను. నాలుక చివరి వరకూ వచ్చింది. ఆపుకుని, ఆమె చెప్పింది మొత్తం తిరిగి చెప్పాను. రెండు చోట్ల తప్పు పోయాను. ఆమె సరిదిద్దింది. ఆ వారమే ముహూర్తం పెట్టారు.

అచ్చు ప్లగ్గులు వచ్చేలోపు నాన్న బిరడాలు వెతికి తీశాను. దేవుడి గూట్లో అగరొత్తుల కింద పోగా నాలుగు జతలు కొత్తవి దొరికాయి. బావకి ఇది మింగుడు పడలేదు. "సెవులు మూసుకుని సౌండు సేత్తావేటి బావా? జనం ఏటనుకుంటారు? మిఠాయి కొట్టోడు తన మిఠాయి తినకపోతే ఎవుడు కొంటాడు?"

"నువ్వూ పెట్టుకో."

"నాకు బాగానే వినపడతాది."

"సెలవులు అని విన్నావు కదా."

బావ అటూ ఇటూ చూశాడు. ఒక జత తీసుకుని, ఎవరూ చూడకుండా వ్యాను వెనక్కి వెళ్ళి పెట్టుకున్నాడు.

దాంతో ఇంకో నిజం బయటపడింది. మిక్సరు మీద సన్నటి శబ్దాల మీటలు నేను పై చివరి దాకా తోసి ఉంచేవాణ్ని, నాకు అంతకంటే తక్కువ అయితే పాట మందంగా అనిపించేది. వాటిని సగానికి దించమని, జనరేటర్ల మధ్య బతికే తనకే పళ్ళు జివ్వుమంటున్నాయని జనరేటరు అద్దెకిచ్చే ఆయన చెప్పాడు. ఎన్నాళ్ళబట్టి అని అడిగాను. మూడేళ్ళబట్టి అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, "సెప్పినాను. తప్పకుండా అన్నావు," అన్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకి డాక్టరు సంగతి మొత్తం చెప్పాను. "నాను నెలకోపాలి సెప్తనే ఉన్నాను కదరా," అంది. నాన్న మాత్రం ఆవుల గురించి కూడా ఒకసారి కనుక్కోవాల్సింది అన్నాడు.

మా పెళ్ళి ఊరేగింపు సాయంత్రం పెందుర్తి వీధుల్లో జరిగింది. మిక్సరు దగ్గర బావ నిలబడ్డాడు, బాక్సుల పక్కకి జరిగి, చెవుల్లో ప్లగ్గులతో. రెండు కార్ల సౌండే పెట్టాడు. మామగారు వ్యాను పక్కనే నడుస్తూ పాట పెట్టలేదేమని ఇద్దర్ని అడిగారు. ఆయన చెవుల్ని మర్నాడే సీతమ్మధార తీసుకెళ్ళాలని ఆమే నేనూ ముందే అనుకున్నాం. ఆయన ఆయ్ అన్నారు కూడా.

కారులో నా పక్కన కూర్చున్న ఆమె ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది. నాకు అలవాటుగా పాత మాట నోటిదాకా వచ్చింది.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాను.

ముందు సీట్లో ఉన్న అమ్మ వెనక్కి తిరిగి చూసింది. నా పక్కనున్న ఆమె గొంతు పెంచలేదు. నా వైపు జరిగి, చెవి దగ్గరికి వచ్చి, నన్ను మొదటిసారి నువ్వు అంటూ, మా అమ్మ యాసలో చెప్పింది.

"సెవులకి బిరడాలు పెట్టుకున్నావేటి?"

నాకు ఆ స వినపడింది.